సొరుగు అంచు మీద సగం చెరిగిన ముద్ర: ఈ టేకు బల్ల ఎక్కడిది?

మూడోసొరుగు
సోమవారం, రాత్రి 9:10

విజయవాడలో పాత సామాను అంగడి నుంచి వచ్చిన రాత బల్ల. పొడవు 54 అంగుళాలు, వెడల్పు 30, ఎత్తు 30½. ముందువైపు వరసగా మూడు సొరుగులు. కాళ్లు తరిమెన పట్టినవి, అడుగున ఇత్తడి చక్రాలు. పైన రెక్సిన్ ఎవరో తర్వాత అంటించిందే. గుర్తులు ఇవీ:

హ్యాండిల్ వెనక పోతలోనే వచ్చిన డైమండ్ ఆకారం. దాని నెత్తిన చిన్న వలయంలో రోమన్ ఒకటి. డైమండ్ పై మూల 12, కుడి మూల ఇంగ్లీషు ‘వి’, కింద ‘బి’, ఎడమ 4.
చక్రాల గిన్నెల మీద ‘కోప్ అండ్ కొలిన్సన్ పేటెంట్’.
నడిమి సొరుగు తాళం మీద కిరీటం, ‘జీ ఆర్’, ‘సెక్యూర్ లివర్’.
వెనక కాలు లోపలివైపు ‘ఎం. అండ్ ఎస్.ఎం.ఆర్.’, కింద 417.
నడిమి సొరుగు ముందు పలక పై అంచున నొక్కిన ముద్ర, రెండు వరసలు. మొదటి వరస చివర ‘అండ్ కో’ ఒక్కటే చదవగలుగుతున్నాను.
సొరుగుల అడుగున ఉలితో గీసిన రోమన్ అంకెలు ఒకటి, రెండు, మూడు.

కోప్ అండ్ కొలిన్సన్ ఇంగ్లండు కంపెనీ అంటున్నారు. అయితే బల్ల కూడా అక్కడిదేనా? ఏ కాలం?

పాతబంగారం
సోమవారం, రాత్రి 9:31

చక్రాల మీద పేరు అచ్చంగా ఉంది కదండీ, ఇంగ్లీషు బల్లే. జీఆర్ అంటే జార్జి రాజు. సర్కారు ఆర్డరు మీద చేయించి ఓడలో తెప్పించుంటారు.

చిత్రికపొట్టు
సోమవారం, రాత్రి 10:05

తొందరపడకండి. ముద్ర కనపడగానే ‘ఇది ఎవరి పేరు’ అని కాకుండా ‘ఈ పేరు బల్లలో ఏ భాగానికి చెందింది’ అని అడగాలి. పాత బల్ల మీద నాలుగు రకాల పేర్లుంటాయి: విడిభాగం చేసినవాడిది, బల్ల చేసినవాడిది, అమ్మినవాడిది, వాడుకున్నవాడిది. మీ బల్ల మీద వీటిలో కనీసం మూడు కనిపిస్తున్నాయి.

చక్రం మీది పేరు చక్రానికే. కోప్ అండ్ కొలిన్సన్ వాళ్లు చక్రాలు చేసి ఇనప సామాను కొట్లకు అమ్మేవారు. లండన్ వడ్రంగీ కొన్నాడు, మద్రాసు వడ్రంగీ కొన్నాడు. పెద్ద భోజనాల బల్లలతోనూ ఇదే తంటా. చేతిపిడి తిప్పితే రెండుగా విడిపోయే బల్లల మర మీద ‘జోసెఫ్ ఫిట్టర్, బర్మింగ్‌హామ్’ అని పలక ఉంటుంది. ఆయన చేసింది ఆ ఇనప మర ఒక్కటే, చెక్క పని ఇంకొకరిది. అయినా అమ్మకాల ప్రకటనల్లో ‘జోసెఫ్ ఫిట్టర్ బల్ల’ అని ధైర్యంగా రాసేస్తుంటారు.

సొరుగుల అడుగున ఉన్న ఒకటి, రెండు, మూడు ఏ సొరుగు ఏ గూటికో గుర్తుండటానికి వడ్రంగి గీసుకున్నవి. తేదీకీ వాటికీ సంబంధం లేదు. కాకపోతే మూడో అంకె సొరుగు మూడో గూటిలో సాఫీగా ఆడుతోందో లేదో చూడండి. ఆడకపోతే ఎవరో సొరుగులు మార్చారన్నమాట.

ఇక మిగిలింది నడిమి సొరుగు అంచు. బల్ల తయారీదారు పేరు కొట్టే అలవాటు చోటు అదే. ఇంగ్లండులో లాంకస్టర్ ఊరి ఫర్నిచర్ కంపెనీ గిల్లోస్ వాళ్లూ 18వ శతాబ్దం చివర నుంచి అక్కడే కొట్టారు. మీ బల్ల సంగతి తేల్చేది ఆ ముద్రే, దాన్ని చివరికి ఉంచుదాం. ముందు మిగతావాటితో కాలం బిగిద్దాం.

ఇత్తడిమర
సోమవారం, రాత్రి 11:20

డైమండ్ సంగతి నేను చెప్తా. అది బ్రిటన్‌లో డిజైన్ నమోదు గుర్తు, 1842 నుంచి 1883 దాకా వాడారు. వలయంలోని రోమన్ అంకె సరుకు తరగతి: ఒకటి లోహం, రెండు చెక్క, మూడు గాజు, నాలుగు పింగాణీ. మీది ఒకటి, అంటే నమోదు చేసింది లోహపు హ్యాండిల్‌ని. బల్లని నమోదు చేసుంటే రెండు ఉండేది. ఈ ఒక్క అంకెతోనే సగం అనుమానం తీరుతుంది, కానీ దాన్ని ఎవరూ చూడరు.

లోపలి అక్షరాలు రెండు శ్రేణులు. 1842–67 మధ్య సంవత్సరం అక్షరం పై మూలలో, నెల ఎడమ, తేదీ కుడి, కట్ట నంబరు (ఆ రోజు నమోదుల్లో వరస) కింద. 1868–83 మధ్య తేదీ పైకి పోయింది, సంవత్సరం కుడికి, నెల కిందికి, కట్ట ఎడమకి. తేడా పట్టడం తేలికే: పై మూలలో అక్షరం ఉంటే మొదటి శ్రేణి, అంకె ఉంటే రెండోది. మీకు పైన 12 ఉంది, కనక రెండోది. కుడి ‘వి’ అంటే 1876, కింద ‘బి’ అక్టోబరు. 1876 అక్టోబరు 12, 4వ కట్ట. అదే ‘వి’ మొదటి శ్రేణిలో పై మూలన ఉంటే 1850 అయ్యేది. శ్రేణి తప్పు పట్టుకుంటే పాతికేళ్లు తేడా వస్తుంది.

ఎవరు నమోదు చేశారో లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది. బీటీ 43 శ్రేణిలో బొమ్మలు, బీటీ 44లో రిజిస్టర్లు. 1884 నుంచి డైమండ్ పోయి వరస నంబర్లు వచ్చాయి. 1885 మొదట్లో 19754, 1890 మొదట్లో 141273, 1900 మొదట్లో 351202. ఇంకో హ్యాండిల్ మీద ‘ఆర్‌డీ’ (రిజిస్టర్డ్) తర్వాత నంబరు కనిపిస్తే ఈ లెక్కన చూడండి.

1876 అనగానే బల్ల 1876ది అనుకోవద్దు. అది డిజైన్ నమోదైన రోజు. అచ్చు చేతిలో ఉన్నంతకాలం పోత పోస్తూనే ఉంటారు, కొట్లో సరుకు ఏళ్ల తరబడి ఉంటుంది. ‘1876 కంటే ముందుది కాదు’ అనేవరకే దాని సాక్ష్యం. అదీ హ్యాండిల్‌కే.

తాళం: కిరీటం, జీఆర్ ఉన్నంత మాత్రాన రాజుగారి సొత్తు కాదు. తాళాల తయారీదారులు అలంకారంగా వేసుకున్న గుర్తది. వీఆర్ ఉంటే 1837–1901, ఈఆర్ 1901–10, జీఆర్ 1910 తర్వాత. ఐదో జార్జి 1936 దాకా, ఆరో జార్జి 1952 దాకా. 1830కి ముందూ జార్జిలే కదా అని అడక్కముందే చెప్తున్నా: తాళాన్ని పట్టిన మరమేకు ఒకటి విప్పి మొన చూడండి. మొన సూదిగా ఉంటే 1850ల తర్వాతది. 1854లో నెటిల్‌ఫోల్డ్, చాంబర్లేన్ అమెరికా పేటెంటు కొని బర్మింగ్‌హామ్‌లో మొనదేలిన స్క్రూలు మొదలుపెట్టారు. అంతకుముందువి మొద్దు మొనవి, ముందు బెజ్జం వేస్తేగాని దిగవు.

విప్పేటప్పుడు గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ వాడండి. బిగుసుకుంటే టంకం వేసే ఇనుము మొన నెత్తిన 20 సెకన్లు ఆనించి, చల్లారాక తిప్పండి. గాడి చెడిందంటే ఆ సాక్ష్యం పోయినట్టే. ఏ స్క్రూ ఏ బెజ్జంలోదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకోండి.

రైలుకట్ట
మంగళవారం, ఉదయం 6:45

ఎం. అండ్ ఎస్.ఎం.ఆర్. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1908లో మద్రాస్ రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిస్తే పుట్టింది, 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వేలో కలిసింది. బెజవాడ వాళ్ల పెద్ద జంక్షన్, కాబట్టి విజయవాడ అంగట్లో తేలడం సహజమే. 417 సామాను చిట్టా నంబరు.

ఇది వాడుకున్నవాడి ముద్ర. బల్ల 1908 తర్వాత చేసిందని దీంతో తేలదు, 1908 తర్వాత ఆ రైల్వే చేతిలో ఉందని మాత్రమే తేలుతుంది. మద్రాస్ రైల్వే నుంచి సంక్రమించిన సామాను మీదా కొత్త ముద్ర కొట్టి ఉండొచ్చు. అందుకే దాని చుట్టుపక్కల చెక్కేసిన చోటు గానీ, పాత ‘ఎం.ఆర్.’ గానీ ఉందేమో వెతకండి.

మన వైపు బల్లల మీద కనపడే మిగతావీ చెప్తా, ఎవరికైనా పనికొస్తాయి. ‘ఎన్.జీ.ఎస్.ఆర్.’ నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, 1883లో పుట్టిన కంపెనీ. 1930లో నిజాం ప్రభుత్వం తీసుకున్నాక గ్యారంటీడ్ మాట పోయి ‘ఎన్.ఎస్.ఆర్.’ అయింది. ఒక్క ‘జీ’ ఉందా లేదా అన్నదాన్ని బట్టి 1930కి ఇవతలో అవతలో తెలుస్తుంది. ‘బీ.ఎన్.ఆర్.’ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, వాల్తేరు నుంచి ఉత్తరానికి. బాణం గుర్తు ఉంటే సైన్యానిది. ‘ఎం.ఈ.ఎస్.’ (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) కూడా సైన్యమే, 1923 తర్వాత.

రైల్వేలకు సొంత వర్క్‌షాపులు ఉండేవి, పెరంబూరు లాంటివి. సొంత వర్క్‌షాపులో చేసుకున్న బల్ల అయితే ‘అండ్ కో’ అనే ముద్ర ఎందుకుంటుంది? ఉందంటే బయట కొన్నదే.

మూడోసొరుగు
మంగళవారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. చూసినవి: సొరుగులు ఏ అంకెది ఆ గూటిలోనే సాఫీగా ఆడుతున్నాయి. తాళం స్క్రూ మొన సూదిగానే ఉంది. తాళం కూర్చున్న గుంటలో అతుకులేవీ లేవు, ఉలి అంచులు తాళం అంచుకి అతికినట్టున్నాయి. కాలి మీద వేరే ముద్ర లేదు. హ్యాండిల్ విప్పితే దాని కింద చెక్క మీద ఇంకా పెద్ద పలక నీడ ఉంది. సొరుగు లోపలివైపు ఇప్పుడున్న బెజ్జాలకు అరంగుళం అవతల, లక్కతో పూడ్చిన పాత బెజ్జాలు రెండేసి ఉన్నాయి.

ఇత్తడిమర
మంగళవారం, రాత్రి 9:15

అయితే హ్యాండిళ్లు తర్వాత బిగించినవి, 1876ని పక్కన పెట్టేయొచ్చు. తాళం గుంట తాళానికే తవ్వింది, కాబట్టి తాళం బల్లతో పుట్టింది. అంటే బల్ల 1910కి ముందుది కాదు. పాత హ్యాండిల్ కొత్త బల్లకెక్కడం మామూలే, విరిగిన బల్ల ఇత్తడిని ఎవరూ పారెయ్యరు.

పాతబంగారం
మంగళవారం, రాత్రి 9:40

సరే, కానీ సొరుగుల డవ్‌టెయిల్స్ (పావురం తోకలా విప్పారిన మూల జాయింట్లు) చేత్తో కోసినవి, అడుగు పలకల మీద రంపం గీతలు తిన్నగా ఉన్నాయి, ఫొటోలో చూశాను. చేతి డవ్‌టెయిల్, తిన్నని గీత అంటే 1850కి ముందుది అని ఇంగ్లీషు పుస్తకాలన్నిట్లో ఉంది.

నల్లచేవ
మంగళవారం, రాత్రి 10:30

ఆ లెక్క ఇంగ్లండుకి. గుండ్రటి రంపం ముందొచ్చింది అక్కడే, కాబట్టి వంపు గీతలు, తిన్నని గీతలు చూసి అక్కడ కాలం చెప్పొచ్చు. ఇక్కడ దుంగని ఎత్తు మీద పెట్టి ఒకడు పైన, ఒకడు కింద నిలబడి కోసే కోత రంపం 20వ శతాబ్దంలోనూ బాగా నడిచింది. చేతి డవ్‌టెయిల్ ఈ రోజుకీ వేస్తున్నారు. మన బల్లల కాలం చెప్పడానికి జాయింటు పనికిరాదు, ఇనప సామానే నమ్మకం.

చెక్క ఏ దేశానిదో చెప్పొచ్చు. సొరుగు అడుగు పలక వెనక అంచున, ఎవరికీ కనపడని చోట, కొత్త బ్లేడుతో 5 మిల్లీమీటర్లు అడ్డకోత నున్నగా తీయండి. పదింతల భూతద్దంతో చూడండి. టేకులో ఏడాది వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరస కట్టి ఉంటాయి. తాజా కోత వేలికి నూనెగా తగులుతుంది, పాత తోలు వాసన వేస్తుంది. మహాగనిలో రంధ్రాలు చెదురుగా ఉంటాయి, వలయం దగ్గర సన్నని లేత గీత మాత్రం ఉంటుంది. ఇరుగుడు (రోజ్‌వుడ్) అయితే బరువే చెప్పేస్తుంది.

చూడాల్సింది పై పలకని కాదు, సొరుగు అడుగుని. ఇంగ్లండు బల్లకి అడుగున ఓక్ గానీ పైన్ గానీ వేస్తారు, ఖరీదైన చెక్క అక్కడ పెట్టరు. అడుగూ వీపూ కూడా టేకే అయితే టేకు చవగ్గా దొరికే చోట చేసింది. పైన్ అడుగు మన చెదలకి నూరేళ్లు ఆగడమూ కష్టమే.

మూడోసొరుగు
బుధవారం, ఉదయం 7:20

అడుగు, వీపు, పక్కలు అన్నీ ఒకటే చెక్క. రంధ్రాలు వరసగానే ఉన్నాయి, వాసన కూడా. టేకే. ఇప్పుడు ఆ ముద్ర చదివేదెలా? గరుకు కాగితం వేసి, నూనె రాస్తే తేలుతుందని ఇక్కడ వడ్రంగి అంటున్నాడు.

చిత్రికపొట్టు
బుధవారం, ఉదయం 7:35

గరుకు కాగితం వద్దే వద్దు. నూనె వద్దు, నీళ్లు వద్దు, ఆవిరి అసలే వద్దు.

ఎందుకంటే, ఇనప ముద్ర సుత్తితో కొట్టినప్పుడు చెక్క నారలు నలిగి కిందికి దిగుతాయి. పైభాగం అరిగినా అడుగున నలిగిన నారలుంటాయి, మనం చదివేది వాటినే. నీళ్లో ఆవిరో తగిలితే అవి ఉబ్బి పైకి లేస్తాయి. బల్లకి సొట్ట పడితే తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టి లేపుతారే, అచ్చం అలాగే ముద్ర కూడా లేచిపోతుంది, మళ్లీ రాదు. నూనె వేస్తే గుంటా గట్టూ ఒకే రంగుకి వస్తాయి.

మీ ముద్ర సగం పోవడానికి కారణం కూడా ఊహించొచ్చు. వానాకాలంలో సొరుగు బిగుసుకుంటే వడ్రంగి చిత్రిక పట్టేది సరిగ్గా ఆ పై అంచునే.

పని ఇలా చెయ్యండి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. గది చీకటి చేసి, సొరుగుని బల్ల మీద కదలకుండా పెట్టి, ఫోన్‌ని పైన స్టాండుకి బిగించండి. టార్చిని చెక్కకి దాదాపు ఆనించి, 10–15 డిగ్రీల వాలులో, అంచుకి అడ్డంగా వెలుగు పడేట్టు పట్టుకుని ఒక ఫొటో తియ్యండి. టార్చి చుట్టూ తిప్పుతూ మొత్తం ఎనిమిది తియ్యండి. నార పొడవునా వెలుగేస్తే నార గీతలు మాయమై అడ్డగీతలు తేలతాయి, నారకి అడ్డంగా వేస్తే ఇంకో సగం తేలుతుంది. ఒక్క ఫొటోతో ఎప్పుడూ పూర్తిగా రాదు.

తర్వాత పలచటి బటర్ పేపరు పరిచి, రెండు చివర్లా టేపు కాగితానికీ సొరుగు పక్కలకీ వేసి (ముద్ర మీద పాలిష్‌కి టేపు తగలకూడదు), 4బీ పెన్సిల్ పక్కవాటుగా, బరువు పెట్టకుండా ఒకే దిశలో రుద్దండి. గట్టిగా నొక్కితే కాగితం గుంటలోకి దిగి అంతా నల్లబడుతుంది. మూడు కాగితాలు తీసి పోల్చండి. స్కేలు పక్కన పెట్టి తియ్యడం మరవొద్దు, కొలతలు కావాలి.

లక్కముద్ద
బుధవారం, మధ్యాహ్నం 1:15

కాగితం లేబుల్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి చీకట్లో వెయ్యండి. పాత లక్క పాలిష్ నారింజ రంగులో మెరుస్తుంది. లేబుల్ కాగితం తెల్లటి నీలంగా భగ్గున మెరిసిందంటే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉంది, 1950లకు ముందు కాగితంలో అది ఉండదు. దొంగ లేబుళ్లు సాధారణంగా ఇక్కడే దొరికిపోతాయి. చిరునామా కూడా చూడండి. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. లండన్ చిరునామాలో ‘డబ్ల్యూ’ పక్కన ఒకటి, రెండు లాంటి అంకె ఉంటే 1917 తర్వాతది.

ఇత్తడి పలక అయితే బ్రాసో లాంటి మెరుగు పెట్టే ద్రవం పెట్టకండి. విప్పితే కింద చెక్క లేతగా, పలక ఆకారంలో ఉండాలి. కింద, చుట్టూ ఒకే రంగుంటే పలక నిన్న మొన్న బిగించిందే.

మూడోసొరుగు
గురువారం, రాత్రి 9:05

ఎనిమిది ఫొటోలు, మూడు కాగితాలు తీశాను. రెండో వరస ‘మద్రాస్’, ఇంగ్లీషులో ఆరక్షరాలూ చదవగలిగాను. ఆ వరస పొడవు 27 మి.మీ. మొదటి వరసలో ‘అండ్’ గుర్తు, సీ, ఓ, చుక్క స్పష్టం. చుక్క తర్వాత అంచు శుభ్రంగా ఉంది, ఏమీ లేదు. ‘అండ్’ గుర్తుకి ముందున్న అక్షరానికి కింది సగమే మిగిలింది: ఎడమన నిలువు గీత, కుడిన ఏటవాలుగా జారిన కాలు. చుక్క కుడి అంచు ‘మద్రాస్’ నడిమధ్య నుంచి 26 మి.మీ.

పాతబంగారం
గురువారం, రాత్రి 9:20

మద్రాసు! అయితే కర్జన్ అండ్ కో అయ్యుంటుంది. మద్రాసు ఫర్నిచర్ అంటే ఆ పేరే కదా.

చిత్రికపొట్టు
గురువారం, రాత్రి 10:00

లెక్క వేద్దాం. ఆరక్షరాలకి 27 మి.మీ., అంటే అక్షరానికి 4.5. రెండు వరసలూ ఒకే మధ్యరేఖ మీద ఉన్నాయనుకుంటే, కుడివైపు 26 కాబట్టి మొదటి వరస మొత్తం 52. అది 11½ అక్షరాల చోటు. అందులో ‘అండ్’ గుర్తు, సీ, ఓ మూడు. రెండు ఖాళీలు, చుక్క తలా అర చొప్పున ఒకటిన్నర. మొత్తం నాలుగున్నర పోగా మిగిలింది ఏడు. పేరు ఏడక్షరాలది. సన్నటి ‘ఐ’ ఉంటే ఎనిమిది కావచ్చు.

ఇంగ్లీషులో కర్జన్ ఆరే. వరస 47 మి.మీ. ఉండాల్సింది, చుక్క 23½ దగ్గర ఆగాల్సింది. పైగా చివరక్షరం ‘ఎన్’ అయితే కుడిన నిలువు గీత ఉండాలి. మీకున్నది ఏటవాలు కాలు: ‘ఆర్’ లేదా ‘కె’.

నల్లచేవ
గురువారం, రాత్రి 10:12

ఏడక్షరాలు, చివర ‘ఆర్’, మద్రాసు... స్పెన్సర్?

రైలుకట్ట
గురువారం, రాత్రి 10:40

నాకూ అదే తట్టింది, కానీ చుక్క తర్వాత శుభ్రంగా ఉందన్నారు. స్పెన్సర్ 1897లోనే లిమిటెడ్ అయింది. 1910 తర్వాత బల్ల మీద ‘అండ్ కో. లిమిటెడ్’ అని ఉండాలి. పాత ముద్ర ఇనుమునే వాడుంటారని సర్దుకోవచ్చు గానీ, అలా సర్దుకుంటూ పోతే ఏ పేరైనా సరిపోతుంది. పైగా అది అమ్మే కొట్టు, ముద్ర నిజంగా వాళ్లదే అయినా వడ్రంగం వేరే చోట జరిగుండొచ్చు.

డైరెక్టరీ చూడాల్సిందే. థ్యాకర్స్ ఇండియన్ డైరెక్టరీలో మద్రాసు భాగం, లేదా అసైలం ప్రెస్ ఆల్మనాక్. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో అడగండి. పేరుతో మొదలెట్టకండి, వృత్తుల వరసలో ‘క్యాబినెట్ మేకర్స్’ దగ్గర మొదలెట్టండి. 1910, 1920, 1930 సంపుటాలు తీసి, ఏడక్షరాలుండి ‘ఆర్’తోనో ‘కె’తోనో ముగిసి లిమిటెడ్ లేని పేర్లు రాసుకోండి. ఏ సంపుటంలో మొదలై ఏ సంపుటంలో మాయమైందో చూస్తే కాలం కూడా ఇంకా బిగుస్తుంది.

డల్లాస్_బల్ల
గురువారం, రాత్రి 11:55

ఇలాంటివే అమెరికాకి పంపించుకోవచ్చా?

లక్కముద్ద
శుక్రవారం, ఉదయం 6:30

నూరేళ్లు దాటితే 1972 చట్టం కింద పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దాటలేదనుకుంటే పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అని ధ్రువపత్రం తీసుకోవాలి. ఈ బల్ల 1910 నుంచి 1951 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి కాలం తేలకుండా ప్యాకింగు మొదలెట్టకండి. టేకుకి సైటీస్ (అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) ఆంక్ష లేదు. ఇరుగుడుకి ఉంది, ఆ ప్రజాతి దాదాపు మొత్తం 2017 నుంచి ఆ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. దంతం పొదిగిన విశాఖపట్నం పెట్టెలు, బల్లల సంగతి అడగనే వద్దు, ఇక్కడ అమ్మడమే నేరం.

మూడోసొరుగు
శుక్రవారం, ఉదయం 7:10

ప్రస్తుతానికి చీటీ మీద ఇలా రాసుకున్నాను: ‘టేకు. మద్రాసు ముద్ర, పేరు ఏడక్షరాలు, చివర ఆర్ లేదా కె. 1910కి ముందుది కాదు, 1951 నాటికి రైల్వేలో ఉంది. హ్యాండిళ్లు తర్వాతవి.’ హ్యాండిళ్లు తీసేసి పాత బెజ్జాలకి సరిపోయేవి వెయ్యమంటారా?

ఇత్తడిమర
శుక్రవారం, ఉదయం 7:25

ఉండనివ్వండి. పాత పలక నీడ కొలతలు తీసి, ఆ చీటీ వెనక గీసి పెట్టుకోండి. చీటీని మాత్రం సొరుగులో అంటించొద్దు, దారంతో కట్టండి.